పాత మిద్దె బయటి గోడలకు ఎండ వేడిని ఆపే ఇన్సులేషన్ చేయించాలంటే నమ్మకమైన మనిషిని పట్టుకోవడం ఎలా

కార్తీక మాసం వానలకు ఒక్కసారైనా తడిసిన తన పనిని చూపించలేని కాంట్రాక్టరుకు మీ పాత ఇంటి బయటి గోడలు అప్పగించొద్దు. నెల్లూరులో ఎవరు అడిగినా, ఒంగోలు నుంచి బంధువులు ఫోన్ చేసి అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. మన వైపు గోడ పనికి అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లోనే జరుగుతుంది. మార్చిలో పూసిన పూత ఎలాంటిదైనా జూన్ దాకా తళతళలాడుతూనే ఉంటుంది, అప్పుడు చూసి బాగుంది అనుకుంటే లాభం లేదు.

మా అమ్మ వాళ్ల మిద్దె మూలాపేటలో ఉంది. సున్నం, ఇటుకలతో కట్టిన 14 అంగుళాల గోడలు. ఐదేళ్ల కిందట ఎండాకాలంలో రాత్రి పదింటికి కూడా పడమటి గోడ పెనంలా కాలుతుంటే తట్టుకోలేక, ఎవరో చెప్పారని ఒకాయన్ని పిలిచాం. ఆయన గేటు దగ్గరే నిలబడి గోడను ఒకసారి చూసి, ఫోన్‌లో లెక్క వేసి, చదరపు అడుగుకు ఇంత అని చెప్పేశాడు. పాత సున్నం పూత మీదే సిమెంటు పూత, దాని మీద పుట్టీ, పైన వేడి తగ్గిస్తుందన్న తెల్ల పెయింటు. నవంబరులో గోడ అడుగున మూడడుగుల ఎత్తు దాకా పొక్కులు లేచాయి, సంక్రాంతికల్లా అట్టలు అట్టలుగా ఊడిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, వందేళ్లకు దగ్గరపడిన గోడను మన చేతులతో మనమే పాడు చేశామే అన్న బాధ అమ్మను చాలా రోజులు వదల్లేదు.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. సున్నం గోడ నేలలోంచి కాస్త చెమ్మను పీల్చుకుంటుంది, ఎండలో మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద బిగుతుగా సిమెంటు, పుట్టీ, రబ్బరులాంటి పెయింటు కప్పేస్తే ఆ చెమ్మకు దారి ఉండదు, నీళ్లతో పాటు పైకొచ్చిన ఉప్పు పూత వెనకాలే పేరుకుని పూతను బయటికి నెట్టేస్తుంది. కాబట్టి మనిషిని వెతకడానికి ముందు మీ గోడ సంగతి మీకు తెలిసి ఉండాలి. అది తెలియకపోతే వచ్చినవాడు చెప్పేది నిజమో కాదో పట్టుకోలేరు.

గోడను మీరే చూసుకోండి

ఒక రూపాయి బిళ్ల తీసుకుని గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడ పాత పూత గోడను వదిలేసిందని అర్థం, దాని మీద ఏం అతికించినా దానితో పాటే ఊడుతుంది. తర్వాత చెమ్మ ఉందనుకున్న చోట అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు కనిపిస్తే గోడలోంచి చెమ్మ వస్తున్నట్టే. ఇక వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి: మిద్దె మీద తూములోంచి నీళ్లు గోడ మీదికి కారుతున్నాయా, పిట్టగోడ మీద బీటలున్నాయా, సన్ షేడు పైన నీళ్లు నిలుస్తున్నాయా, పక్క సందులో మురుగు కాలువ పునాదికి ఆనుకుని పోతోందా. చెమ్మ ఆగకుండా, గోడ ఆరకుండా ఇన్సులేషన్ మొదలుపెట్టకూడదు. ఆరడానికి రెండు మూడు నెలలు పట్టినా ఆగాల్సిందే.

అన్ని గోడలకూ చేయించాల్సిన పని లేదు, ఈ ఒక్క మాట మీకు చాలా డబ్బు మిగులుస్తుంది. నెల్లూరు మీద సూర్యుడు ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు గాని దక్షిణానికి ఉండడు. అంటే మే నెల మంటల్లో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు. కాల్చేవి తూర్పు గోడ, అంతకన్నా ఎక్కువగా పడమటి గోడ, అన్నిటికన్నా ఎక్కువగా మిద్దె పైకప్పు. ఒంటి మిద్దె అయితే ముందు పైకప్పు సంగతి చూడాలి, తర్వాత పడమటి గోడ. ఇది తెలిసిన కాంట్రాక్టరు తనంతట తనే ఆ మాట చెప్తాడు. నాలుగు గోడలకూ కొలతలు వేసుకుని పైకప్పు ఊసెత్తనివాడు మీ ఇంటి వేడి గురించి ఆలోచించట్లేదు, అడుగుల లెక్క గురించే ఆలోచిస్తున్నాడు.

సామాను గురించి కొంచెం తెలుసుకుంటే చాలు. 1980ల తర్వాత కట్టిన 9 అంగుళాల సిమెంటు, ఇటుక గోడ పొడిగా ఉంటే థర్మోకోల్ పలకలు బాగా పనిచేస్తాయి. 2 అంగుళాల పలక వేడిని ఆపడంలో మూడడుగుల ఇటుక గోడకు తక్కువ కాదు. పలకను ప్రత్యేకమైన గమ్ముతో అతికించి, వెడల్పు తల ఉన్న ప్లాస్టిక్ ఫాస్టెనర్లతో గోడకు బిగించి, పైన ఫైబర్ జాలి పొదిగిన పలుచని పూత వేసి, ఆఖరున రంగు పూత వేస్తారు. పాత సున్నం గోడ అయితే అంత తొందర వద్దు. సిమెంటు పూత చెక్కేసి మళ్లీ సున్నం పూతే వేయించి, దాని మీద ఆవిరి బయటికి పోనిచ్చే రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు పెట్టించడమో, గోడకు కొన్ని అంగుళాల దూరంలో ఫ్రేము కట్టి మధ్యలో గాలి ఆడేలా షీట్లు వేయించడమో మేలు. ఉత్త తెల్ల పెయింటు ఎండను కొంత వెనక్కి కొట్టే మాట నిజమే, కానీ దాన్ని ఇన్సులేషన్ పేరుతో అమ్మేవాణ్ని నమ్మొద్దు.

ఎక్కడ వెతకాలి

ఇళ్లకు ఈ పని చేసేవాళ్లు మన దగ్గర ఇంకా తక్కువే. అందుకని పెయింటు షాపువాళ్లు ఇచ్చే నంబర్లతో ఆగిపోకండి. మన జిల్లాల్లో రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. వాటి గోడలకు పలకలు బిగించిన మనుషులకు సందు మిగిలితే ఏమవుతుందో చేతిపనిగా తెలుసు. ఏదైనా ప్లాంటు మేనేజర్ తెలిసుంటే మీ గోడలకు పలకలు ఎవరు వేశారండీ అని అడగండి. ప్రకాశం వైపు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) ఉన్న రైతునైనా అడగొచ్చు, సందుల్లోంచి వేడి పోతే కట్టె ఎంత ఎక్కువ పడుతుందో ఆయనకు మనకన్నా బాగా తెలుసు కాబట్టి మరమ్మతుకు మంచి పనివాణ్ని చూసి పెట్టుకునే ఉంటాడు. సున్నం గోడ వాళ్లయితే గుళ్ల మరమ్మతులు చేసిన మేస్త్రీలను వాకబు చేయండి, గానుగ సున్నం కలపడం తెలిసిన చేతులు ఇప్పుడు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

ముగ్గురిని పిలవండి. వచ్చాక మీరు తక్కువ మాట్లాడండి, వాళ్లేం చేస్తారో చూడండి. మేము రెండోసారి పిలిచిన మేస్త్రీ వస్తూనే చిన్న సుత్తి తీసి గోడంతా తట్టాడు, మిద్దెక్కి తూములు చూశాడు, పక్కింటి గోడ ఎవరిదో అడిగాడు, కిందికొచ్చి అమ్మతో, "ముందు నీళ్లు ఆపుకోండమ్మా, ఆ సిమెంటు పూత చెక్కించి ఎండాకాలమంతా గోడను ఆరనీండి, అప్పుడు పిలిస్తే వస్తా" అన్నాడు. రేటు ఎంతని అడిగితే, తడి గోడకు రేటు చెప్పలేనన్నాడు. చేతికొచ్చిన పనిని వద్దనుకుని వెళ్లిపోయిన మనిషి కాబట్టే ఆయన మీద మాకు గురి కుదిరింది.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పలక అతికించడానికి ఏ గమ్ము వాడతావన్నా అని అడగండి. పెట్రోలు, థిన్నర్ లాంటివి కలిసిన గమ్ము తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, అది తెలియనివాడు ఈ పని చేయలేదని అక్కడే తేలిపోతుంది. పలకను నేల నుంచి ఎంత ఎత్తులో మొదలుపెడతావని అడగండి. కనీసం అడుగు వదలాలి, లేకపోతే చెమ్మ ఎక్కుతుంది, చెదలు దాని చాటున కనపడకుండా పైకి పోతాయి. కిటికీ అంచుల్లో నీళ్లు దిగకుండా ఏం చేస్తావని అడగండి, మన తుఫాను వాన అడ్డంగా కొడుతుంది, మొదట దిగేది అక్కడే. పూతకు ఏ నీళ్లు వాడతావని కూడా అడగండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నోట్లో పోసుకుని తాగలేని నీళ్లను పూతలో కలపనివ్వకండి, ట్యాంకర్ ఖర్చు మీదైనా సరే.

చేసిన పనిని వెళ్లి చూడటం

ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. వాటిని పక్కన పెట్టి, రెండేళ్ల కిందట చేసిన రెండు ఇళ్ల అడ్రసులు అడిగి మీరే వెళ్లండి. కాంట్రాక్టరు వెంట లేకుండా వెళ్తే ఇంకా మంచిది. వాన పడుతున్న రోజో మరుసటి రోజో వెళ్తే చాలా తెలుస్తుంది. కిటికీ మూలల దగ్గర ఏటవాలుగా సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడండి, ఉంటే జాలి సరిగా వేయలేదన్నమాట. పలక పలకకూ మధ్య గీతలు బయటికి కనపడుతున్నా అంతే. ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి, పగలంతా ఇంట్లో ఉండేవాళ్లకే వేడి ఎంత తగ్గిందో తెలుస్తుంది. అనుకున్న డబ్బుకే ముగించాడా, మధ్యలో పని వదిలేసి ఇంకో సైటుకు పోయాడా, బాగోలేదని పిలిస్తే వచ్చాడా అని కూడా అడగండి. నాకైతే చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం, పనిలో తప్పు ఎవరికైనా జరుగుతుంది, తిరిగొచ్చి దిద్దేవాడే కావాలి.

కాగితం, డబ్బు

తెల్ల కాగితం మీదైనా రాయించుకోండి. ఏ గోడ ఎన్ని చదరపు అడుగులు, తలుపులు కిటికీలు తీసేసి లెక్కించారా లేదా, పలక మందం ఎంత, ఏ కంపెనీ సామాను, జాలి ఎన్ని పొరలు, సారవ (పరంజా) కట్టడానికి, చెత్త ఎత్తించడానికి డబ్బు ఎవరిది, ఎన్ని రోజుల్లో ముగుస్తుంది, ఎన్నేళ్లు గ్యారంటీ. సారవ మీద నుంచి పనివాడు పడితే బాధ్యత ఎవరిదో కూడా అందులో ఉండాలి. ఇంటికి వచ్చే కరెంటు వైరు గోడకు దగ్గరగా ఉంటే పనికి ముందే కరెంటు ఆఫీసులో చెప్పి జాగ్రత్త చేయించండి, కూలికి వచ్చిన మనిషి ప్రాణం మన గోడ కన్నా ముఖ్యం.

జీఎస్టీ బిల్లు ఇస్తానంటే ఈ పనికి 18 శాతం పడుతుంది. ఆయన నంబరు జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో వెంటనే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న మేస్త్రీ దగ్గర పని చేయించుకోవడంలో తప్పు లేదు గానీ, ఆయన జీఎస్టీ పేరు చెప్పి అదనంగా వసూలు చేయకూడదు.

అడ్వాన్సు ఐదో వంతు దాటనివ్వొద్దు. మిగతాది పాత పూత చెక్కి గోడ సిద్ధం చేశాక కొంత, పలకలు బిగించాక కొంత, ఆఖరి పూత అయ్యాక కొంత ఇవ్వండి. పదో వంతు మాత్రం వానలు దాటేదాకా మీ దగ్గరే ఉంచుకుంటానని మొదటే చెప్పండి. చాలామంది ఒప్పుకోరు. తన పని మీద నమ్మకం ఉన్నవాడు కొంచెం గునిసినా ఒప్పుకుంటాడు, కనీసం ఇరవయ్యో వంతుకైనా దిగుతాడు. డబ్బంతా బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో ఇస్తే లెక్క మిగులుతుంది.

పలకలు వచ్చిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకను తూకం వేయండి. 20 డెన్సిటీ (ఘనపు మీటరుకు 20 కిలోలు) అని రాసుకుని ఉంటే అది అర కిలో తూగాలి. పావు కిలోకు దగ్గరలో తూగితే అది టీవీ డబ్బాల్లో పెట్టే రకం, వెనక్కి పంపేయండి. చిన్న ముక్క విరిచి ఆరుబయట, ఇంటికి దూరంగా నిప్పు చూపించండి. మంట తీసేయగానే ఆరిపోవాలి, అంటుకుని కారుతూ మండుతూనే ఉంటే గోడకు పనికిరాదు. మూలాపేట, సంతపేట లాంటి పాత పేటల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, 2 అంగుళాల పలక పక్కవాళ్ల జాగాలోకో మున్సిపాలిటీ సందులోకో వచ్చేలా ఉంటే ముందే అడిగి ఒప్పించుకోండి, సారవ కట్టాక గొడవ పెట్టుకోవద్దు. సిమెంటు పూత వేసిన చోట కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టించాలి, రోహిణి కార్తె ఎండల్లో అది సరిగా కుదరదు.

అన్నీ చూసుకున్నా మోసం జరిగితే ఊరుకోకండి. ముందు ఫొటోలతో, తేదీలతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, తర్వాత 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మీరు చెల్లించింది 5 లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు కూడా లేదు, కాకపోతే రెండేళ్ల లోపు వేయాలి. మేము మొదటిసారి మోసపోయినప్పుడు చేతిలో ఒక్క కాగితం లేక ఆ దారి పట్టలేకపోయాం.

వెతకడం దీపావళికి మొదలుపెట్టండి. వానలు పడుతున్న ఆ వారాల్లోనే పాత పనులు చూసి రావడం, మీ గోడలో చెమ్మ దారులు కనుక్కోవడం రెండూ అయిపోతాయి. గోడ పొడిగా ఉన్నవాళ్లు సంక్రాంతి వెళ్లాక సారవ కట్టించి మార్చి నడిమికల్లా ముగించుకోవచ్చు. చెమ్మ ఉన్నవాళ్లు ఈ ఎండాకాలం గోడ ఆరనిచ్చి, వచ్చే ఏడు సంక్రాంతికి అదే మేస్త్రీని మళ్లీ పిలవండి.