స్టెప్నీ లేని స్పోర్ట్స్ కారుతో గోదావరి జిల్లాలకి వస్తున్నారా? ముందు ఇంటి దగ్గరే ఒక రిహార్సల్ వేసుకోండి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా బావమరిది కదిలాడు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వేసుకుని పండక్కి వచ్చినవాడు, సాయంత్రం ఊరికే ఓ రౌండ్ వేసొద్దామని నన్ను ఎక్కించుకుని ఆలమూరు దాటాక కాలవ గట్టు మీదకి ఎక్కించాడు, అక్కడ వెనక కుడి టైరు గాలి దిగింది. డిక్కీ తీస్తే స్టెప్నీ లేదు. చిన్న కంప్రెసరు, టైరులోకి ఎక్కించే జిగురు మందు సీసా ఒకటి ఉన్నాయి. సీసా ఊపితే చప్పుడే లేదు, లోపల మందు జున్నులా గడ్డకట్టింది, అడుగున చూస్తే గడువు తేదీ పోయి మూడేళ్లు. చివరికి పక్క ఊరి నుంచి బండి మీద వచ్చిన పంచర్ కుర్రాడు ఫోన్లోనే ఒక మాట చెప్పాడు, "ఆ మేకు మాత్రం పీకకండి బాబుగారూ, నేనొచ్చేదాకా అదే బిరడా, ఆయ్." ఆ రోజు మాకు దొరికిన పనికొచ్చే సలహా అదొక్కటే.

ఇది రాయడానికి కారణం ఆ సాయంత్రమే. కంపెనీ ఇచ్చే కిట్టు నున్నటి హైవే మీద చిన్న మేకు దిగితే సరిపోతుంది. మన డెల్టాలో దానికి రెండు కష్టాలు తోడవుతాయి. ఒకటి, టైరు పక్కగోడ కోసుకుపోవడం, రెండోది ఆపుకోడానికి చోటు లేకపోవడం. ఈ రెంటికీ సీసాలో మందు లేదు, కాబట్టి తయారీ అంతా బయల్దేరక ముందే జరగాలి.

స్టెప్నీ అనే మాట గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. అది వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ పేరు. 1904 ప్రాంతంలో అక్కడి డేవీస్ సోదరులు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు, ఎందుకంటే అప్పటి కార్లకి స్పేర్ చక్రం వచ్చేది కాదు. నూట ఇరవై ఏళ్లు తిరిగి, కోట్లు పెట్టి కొన్న కారుతో మనం మళ్లీ అక్కడికే వచ్చాం! బరువు తగ్గించాలి, చోటు లేదు అన్నవి తెలిసిన కారణాలే గానీ అసలు చిక్కు వేరే ఉంది. చాలా స్పోర్ట్స్ కార్లకి ముందు టైర్లు, వెనక టైర్లు ఒక సైజు కాదు. పోర్షే 911 కరేరా తీసుకోండి, ముందు 235 మిల్లీమీటర్ల వెడల్పుతో 19 అంగుళాలు, వెనక 295 తో 20 అంగుళాలు. ఒక స్టెప్నీ పెట్టినా సగం సార్లు పనికిరాదు. పైగా పెద్ద బ్రేకుల మీదికి చిన్న రిమ్ము ఎక్కదు. సరే, ఎలాగో మోసుకొచ్చి ఎక్కించారే అనుకుందాం, విప్పిన ఆ 295 చక్రం ఎక్కడ పెడతారు? పక్క సీట్లోనే. అప్పుడు పక్క సీట్లో మనిషి రోడ్డు మీద నిలబడాలి, ఆ మనిషి మీ ఆవిడ అయితే తర్వాత సంగతి మీరే చూసుకోండి.

కాబట్టి మొదటి పని, మీ కారుకి ఏం ఉందో చూడండి. టైరు పక్కన రన్‌ఫ్లాట్ అనో ఆర్ఎఫ్‌టీ అనో రాసి ఉంటే గాలి మొత్తం పోయినా మామూలుగా 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు పోవచ్చు. అమలాపురం నుంచి రాజమండ్రికి అది చాలు, అంతర్వేది నుంచి చాలదు. రన్‌ఫ్లాట్ కాకపోతే మీకున్నది సీసా, కంప్రెసరు మాత్రమే, సీసా మీద తేదీ ఈరోజే చూడండి. పాత కారు కొన్నవాళ్లు టైరు వయసు కూడా చూడాలి. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి, 3518 అంటే 2018లో 35వ వారం తయారైనది. ఈ కార్లు ఏడాదికి పెద్దగా తిరగవు, గాడులు కొత్తవాటిలాగే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది.

ఇక మన రోడ్ల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్వుకుంటూ పోయిన కాలవల గట్లే ఇవాళ మన ఊళ్ల మధ్య రోడ్లు చాలావరకు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను. కోతలయ్యాక రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోస్తారు, బళ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు, ధాన్యం ఎత్తేస్తారు గానీ రాళ్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి. మామూలు కారు ఆ రాయి ఎక్కితే కుదుపుతో పోతుంది. మీ 35 ప్రొఫైల్ టైరులో, అంటే పక్కగోడ ఎత్తు టైరు వెడల్పులో 35 శాతమే ఉన్నదాంట్లో, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నాలుగు వేళ్ల రబ్బరే, మధ్యలో నలిగి పక్కగోడ చీలుతుంది. తారు అంచు విరిగి మట్టి జారిపోయిన చోట, ఎదురు బస్సుకి దారిచ్చి దిగి మళ్లీ ఎక్కేటప్పుడూ అదే జరుగుతుంది. అలాంటప్పుడు ఆపి దారివ్వండి, అంచు దిగకండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

రిహార్సల్ ఇంటి వాకిట్లో చేయాలి, ఒక ఆదివారం రెండు గంటలు పడుతుంది. కంప్రెసరు తీసి నాలుగు చక్రాలకీ వైరూ గొట్టమూ అందుతాయో లేదో చూడండి, మా వాడిది వెనక చక్రానికి జానెడు తక్కువైంది. ఇంజను ఆన్‌లో ఉంచి ఒక టైరులో పది పాయింట్లు (పీఎస్ఐ) గాలి తీసి మళ్లీ ఎక్కించండి, ఎంతసేపు పట్టిందో, కంప్రెసరు ఎంత వేడెక్కిందో తెలుస్తుంది. జాకీ ఉందా? ఉంటే కారు కిందకి దూరుతుందా? చాలా కార్లకి గాలి దిగిపోయాక మామూలు జాకీ పట్టదు. మొదట ఆ దిగిన చక్రాన్ని అంగుళంన్నర మందం పలక మీదకి ఎక్కించి అప్పుడు జాకీ తోయాలి. ఆ పలకే జాకీ కిందా కావాలి, మన ఒండ్రు మట్టిలో వానాకాలం జాకీ కారుని లేపదు, అదే భూమిలోకి దిగుతుంది. చాలా కార్లకి వీల్ నట్లలో ఒకటి దొంగలు విప్పకుండా వేరే తాళంతో ఉంటుంది, ఆ తాళం ముక్క ఎక్కడుందో కారు కొన్నప్పుడే అడగాలి, పోతే ఏ పంచర్ షాపువాడూ చక్రం విప్పలేడు. కొన్ని ట్రాక్ కార్లకి మధ్యలో ఒకే నట్టు ఉంటుంది, దాన్ని 600 న్యూటన్ మీటర్ల దాకా, అంటే మామూలు పానాకి అందనంత గట్టిగా బిగించాలి, అలాంటి కారైతే చక్రం విప్పే ఆలోచనే వదిలేయండి.

అదే రోజు ఊళ్లో పంచర్ షాపుకెళ్లి ఒక తుక్కు టైరు అడిగి, దానికి మేకు కొట్టి, స్ట్రిప్పు (కన్నంలో సూదితో దూర్చే జిగురు రబ్బరు పట్టీ) పెట్టడం మీ చేత్తో మీరు రెండు సార్లు చేయండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. స్టీల్ దారాల మధ్య నుంచి సూది దించడానికి ఎంత బలం కావాలో వీడియో చూస్తే తెలియదు.

డిక్కీలో ఉండాల్సినవి ఒక గోనెసంచిలో పడతాయి. స్ట్రిప్పుల కిట్టు, మంచి కటింగ్ ప్లేయరు, చాక్‌పీసు, సబ్బునీళ్ల స్ప్రే, గాలి గేజి, తలకి కట్టుకునే లైటు, చేతి తొడుగులు, రెండు చెక్క పలకలు, మెరిసే జాకెట్టు, ఎర్ర త్రికోణం, పవర్ బ్యాంకు. జిగురు సీసా తేదీ ఉన్నది ఒకటి. దోమల క్రీము మర్చిపోకండి, సాయంత్రం ఆరున్నరకి కాలవ గట్టు మీద వంగుని కూర్చున్నవాడికి దాని విలువ తెలుస్తుంది. గోనెసంచి మీద మోకాళ్లు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు నిజంగానే గాలి దిగింది అనుకుందాం. వార్నింగ్ లైటు వెలిగిన వెంటనే బ్రేకు మీద పడి గట్టు పక్కకి దింపకండి. అక్కడ గడ్డి కింద మట్టి మెత్తగా ఉంటుంది, కాలవ నిండుగా ఉన్న రోజుల్లో మరీను. టైరులో కొంచెమైనా గాలి ఉంటే నాలుగు లైట్లూ వేసుకుని నడక వేగంతో వంతెన దగ్గరికో, బంకుకో, కోవెల ముందు ఖాళీకో చేరండి. నన్నడిగితే అన్నిటికన్నా మంచి చోటు రైస్ మిల్లు, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం చదునుగా, గట్టిగా ఉంటుంది, లైట్లుంటాయి, గేటు దగ్గర మనిషుంటాడు. గాలి పూర్తిగా పోయాక నడిపితే కొన్ని వందల మీటర్లకే టైరు పోతుంది, నిజమే. అయినా వంపు దగ్గర, ఇసుక లారీలు తిరిగే రోడ్డులో చిక్కుకుంటే నేను టైరునే వదులుకుంటాను. టైరు కొనుక్కోవచ్చు.

ఆపాక ముందు చక్రమైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పండి, టైరు ముఖం బయటికొస్తుంది, జాకీ అక్కర్లేదు. వెనకదైతే ఒకరు చూస్తుండగా కారుని జానెడు జానెడు కదిపి మేకు చక్రం వెనక వైపుకి వచ్చేలా ఆపండి. చాక్‌తో చుట్టూ గీత గీయండి. స్ట్రిప్పు సూదికి ఎక్కించి, జిగురు రాసి, అంతా చేతికి అందేలా పెట్టుకున్నాకే మేకు పీకండి, ఏ వాలులో దిగిందో చూసుకోండి. రిమ్మరు (కన్నాన్ని గరుకు చేసే గుండ్రటి ఆకురాయి) అదే వాలులో నాలుగైదు సార్లు ఆడించండి, తర్వాత సూది దింపండి, స్ట్రిప్పు కొసలు అర అంగుళం బయట ఉండగా ఒక్క గుంజుతో సూది లాగేయండి. గాలి పట్టండి, సబ్బునీళ్లు కొట్టండి, బుడగ రాకపోతే కొసలు కోసేయండి.

సీసా మందు నేను ఆఖరికి ఉంచుతాను. అది నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల లోపు కన్నాలకే, అదీ నేల తాకే భాగంలోనే. అది వాడితే మేకు అలాగే ఉంచండి, మందు ఎక్కించి, గాలి పట్టి, పది కిలోమీటర్లు పోయి మళ్లీ గేజి పెట్టండి. 19 పాయింట్ల కంటే కిందకి దిగిపోయి ఉంటే ఇక నడపకూడదు. తర్వాత టైరు విప్పేవాడికి లోపల మందుందని ముందే చెప్పండి, లేకపోతే అది వాడి మొహాన పడుతుంది, లోపలి ప్రెషర్ సెన్సరు కూడా కడిగించాలి. స్ట్రిప్పయినా సీసా అయినా ఆ తర్వాత 80 దాటొద్దు. 300 వేగానికి తట్టుకుంటుందని రాసున్న టైరు మీద పంచర్ స్ట్రిప్పు పెట్టాక ఆ రాత మర్చిపోవాలి.

పక్కగోడ చీలితే ఇవేవీ పనిచేయవు, కారుని పైకి ఎక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి పిలవాల్సిందే. గొలుసు కట్టి లాగుతామంటూ ట్రాక్టర్ తెచ్చే మంచివాళ్లు మన దగ్గర ఎక్కువ. దండం పెట్టి వద్దనండి, టీ ఇప్పించండి. కారుని ఆ బండి మీదకి లాగడానికి బంపరులో బిగించే హుక్కు టూల్ సంచిలో ఉందో లేదో కూడా రిహార్సల్ రోజే చూసుకోండి. జాతీయ రహదారి మీదైతే 1033కి కొట్టండి, గట్టు రోడ్ల మీద దానితో లాభం లేదు, ఇన్సూరెన్స్ రోడ్‌సైడ్ సాయం నంబరు కావాలి. బండి వచ్చాక ర్యాంపు కింద మీ పలకలు పెట్టించండి, లేకపోతే ముందు బంపరు గీసుకుపోతుంది. తాళ్లు చక్రాలకే కట్టించండి, సస్పెన్షన్‌కి కాదు. ఇంకోటి, స్ట్రిప్పు టైరుతో సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదారి దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురం పోదామనే సాహసం వద్దు, కిందకి ఉన్న కారుకి ఆ దిగుడూ ఎక్కుడూ మంచి టైర్లతోనే కష్టం. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి.

మీ టైర్ల సైజు, పక్కన రాసున్న అక్షరాలన్నీ ముందూ వెనకా ఫొటోలు తీసి ఫోన్లో పెట్టుకోండి. 20 అంగుళాల టైరు రావులపాలెంలో అరలో ఉండదు, విజయవాడ నుంచో వైజాగ్ నుంచో రావాలి, ఫోన్లో "వెనకది, వెడల్పుగా ఉంటుంది" అని చెబితే తప్పుది వస్తుంది.

మా వాడి కన్నం ఆ కుర్రాడు పావుగంటలో మూసేశాడు, మేం హాయిగా ఇంటికొచ్చాం. కానీ అంతకు ముందు గాలి లేకుండా కిలోమీటరు నడిపాడు కదా, మర్నాడు రాజమండ్రిలో టైరు విప్పిస్తే లోపల నుంచి నల్లటి రబ్బరు పొడి దోసెడు రాలింది. పక్కగోడ లోపల నలిగి అరిగిపోయిందని దానర్థం, ఇక అది టైరు కాదు. కొత్తది వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది, వాడు రాత్రి బస్సెక్కి డ్యూటీకి పోయి, తర్వాతి శనివారం మళ్లీ వచ్చి కారు తీసుకెళ్లాడు.