హైపర్ 0.14 నుంచి 1కి: ఏది ముందు, ఏది తర్వాత

రస్ట్‌లో వెబ్ సర్వర్ రాసేవాళ్లు చాలామంది హైపర్ అనే హెచ్‌టీటీపీ లైబ్రరీని నేరుగా ముట్టుకోరు. ఆక్సమ్ (వెబ్ ఫ్రేమ్‌వర్క్), టానిక్ (జీఆర్‌పీసీ లైబ్రరీ), రెక్వెస్ట్ (హెచ్‌టీటీపీ క్లయింట్) వాడతారు, వాటి అడుగున హైపర్ ఉంటుంది. 2023 నవంబర్‌లో హైపర్ 1.0 వచ్చినప్పుడు పునాదే కదిలింది కాబట్టి పైనున్నవన్నీ కదలాల్సి వచ్చింది. ఇంకా 0.14 మీదే నడుస్తున్న సర్వర్ చేతిలో ఉంటే ఈ వరసలో మార్చండి. పేర్లు ఇక్కడ పలికినట్టు రాశాం, కోడ్‌లో మాత్రం అసలు స్పెల్లింగే.

వెర్షన్ నంబర్ ముట్టుకునే ముందు

హైపర్‌తోపాటు హెచ్‌టీటీపీ అనే చిన్న క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) కూడా 0.2 నుంచి 1.0కి దూకింది. రిక్వెస్ట్, రెస్పాన్స్, హెడర్‌మ్యాప్ టైపులు వచ్చేది అందులోంచే. పాత క్రేట్‌లోని రిక్వెస్ట్‌కీ కొత్త క్రేట్‌లోని రిక్వెస్ట్‌కీ కంపైలర్ దృష్టిలో ఏ చుట్టరికమూ లేదు. అందుకే 'రిక్వెస్ట్ కావాలి, కానీ రిక్వెస్ట్ వచ్చింది' అన్నట్టు ఉండే ఎర్రర్ చూసి జుట్టు పీక్కుంటారు. తప్పు మీ ఫంక్షన్‌లో ఉండదు, డిపెండెన్సీల్లో ఉంటుంది.

కాబట్టి మొదట 'కార్గో ట్రీ' కమాండ్‌ని '-డి' ఫ్లాగ్‌తో నడపండి. ఒకే క్రేట్ రెండు వెర్షన్లలో ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. పాత హెచ్‌టీటీపీని ఎవరు లాక్కొస్తున్నారో '-ఐ' ఫ్లాగ్ చెబుతుంది. ఆక్సమ్ 0.7, టవర్-హెచ్‌టీటీపీ 0.5, రెక్వెస్ట్ 0.12, టానిక్ 0.12, ఇవి గానీ వీటి తర్వాతివి గానీ అయితే కొత్త వైపు ఉన్నట్టే. హైపర్‌ని 1కి మార్చే రోజు వీటిని ఒకే కమిట్‌లో కలిపి మార్చండి, ఒక్కొక్కటిగా మారిస్తే మధ్యలో ఏదీ కంపైల్ కాదు.

ఏదో ఒక లైబ్రరీ పాత రెక్వెస్ట్‌ని తన లోపలే వాడుకుంటూ, ఆ టైపుల్ని మీ ఫంక్షన్లదాకా రానివ్వకపోతే దాన్ని వదిలేయండి. బైనరీ కాస్త లావెక్కుతుంది, కంపైల్ కాస్త నెమ్మదిస్తుంది, అంతే. టైపులు గడప దాటి వస్తే మాత్రం వంతెన కట్టాలి. మెథడ్, యూఆర్ఐ స్ట్రింగ్‌గా, స్టేటస్ కోడ్ అంకెగా, హెడర్ విలువ బైట్లుగా అవతలికి పంపి, అక్కడ మళ్లీ తయారు చేసుకోవాలి. హెడర్లు కాపీ చేసేటప్పుడు 'ఇన్సర్ట్' వాడితే 'సెట్-కుకీ' మూడు ఉన్నచోట చివరిది ఒక్కటే మిగులుతుంది. లాగిన్ అయినవాళ్లు ఉన్నట్టుండి బయటికొచ్చేస్తున్నారంటే ఇదీ ఒక కారణం. 'అపెండ్' వాడండి. లూప్ కూడా రిఫరెన్స్ మీదే తిప్పండి. హెడర్‌మ్యాప్‌ని సొంతం చేసుకుని తిప్పితే, అదే పేరుతో వచ్చే రెండో విలువ నుంచి పేరు స్థానంలో 'నన్' వస్తుంది.

0.14లో ఉండగానే సగం పని

పాత వెర్షన్‌లోనే 'బ్యాక్‌పోర్ట్స్', 'డెప్రికేటెడ్' అని రెండు ఫీచర్లు ఉన్నాయి. ముందుగా 0.14 వరసలో ఆఖరి వెర్షన్‌కి వెళ్లి ఈ రెండూ ఆన్ చేయండి. 1.0లో ఉండబోని వాటిమీద కంపైలర్ వార్నింగులు ఇస్తుంది, వాటి బదులు వాడాల్సినవి అక్కడే దొరుకుతాయి. వార్నింగులు తీర్చి, ఆ కోడ్‌ని ప్రొడక్షన్‌లో కొన్ని రోజులు నడవనివ్వండి. ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా 1 అని రాస్తే ఎర్రర్లు వరదలా వస్తాయి, అసలు మార్పు ఏదో కొసరు ఏదో తేలదు.

తర్వాత కార్గో ఫైల్‌లో హైపర్‌ని 1గా మార్చి 'సర్వర్', 'హెచ్‌టీటీపీ1' ఫీచర్లు ఉంచండి. 'టీసీపీ', 'రన్‌టైమ్', 'స్ట్రీమ్' తీసేయండి. అవి ఇప్పుడు లేవు, ఉంచితే కార్గో మొదట్లోనే ఆగిపోతుంది. కొత్తగా హైపర్-యుటిల్ 0.1 ('టోకియో', 'సర్వర్-గ్రేస్‌ఫుల్' ఫీచర్లతో), హెచ్‌టీటీపీ-బాడీ-యుటిల్ 0.1 చేర్చండి. హెచ్‌టీటీపీ/1, 2 రెండూ ఒకే పోర్ట్ మీద కావాలంటే 'సర్వర్-ఆటో' కూడా.

యాక్సెప్ట్ లూప్ ఇక మీదే

'హైపర్::సర్వర్' పోయింది. పోర్ట్ తెరవడం, కనెక్షన్ అందుకోవడం, టాస్క్ పుట్టించడం అన్నీ మీరే రాయాలి. అందుకున్న టీసీపీ స్ట్రీమ్‌ని 'టోకియోఐఓ'తో చుట్టి 'సర్వ్_కనెక్షన్'కి ఇవ్వాలి. హైపర్ ఇప్పుడు టోకియో (రస్ట్ అసింక్ రన్‌టైమ్) ట్రెయిట్లకు కట్టుబడకుండా సొంత రీడ్, రైట్ ట్రెయిట్లు పెట్టుకుంది, అలా చుట్టడం అందుకే. రాయాల్సింది పది పదిహేను లైన్లే అయినా, పాత సర్వర్ చాటుగా చేసిపెట్టిన పనులు ఇందులోనే జారిపోతాయి.

మొదటిది యాక్సెప్ట్ ఎర్రర్. ఉదాహరణ కోడ్‌లో 'యాక్సెప్ట్' పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది, దాన్నే తెచ్చి అతికిస్తారు. ఫైల్ డిస్క్రిప్టర్లు అయిపోయిన రోజు ఆ ఒక్క గుర్తు వల్ల లూప్ తెగి సర్వర్ మొత్తం పడిపోతుంది. పాత సర్వర్ ఇలాంటప్పుడు ఒక సెకను ఆగి మళ్లీ ప్రయత్నించేది. మీరూ అదే చేయండి: అవతలివాళ్లు కనెక్షన్ తెంచుకున్న రకం ఎర్రరైతే వెంటనే తర్వాతి కనెక్షన్‌కి వెళ్లండి, మరేదైనా అయితే లాగ్ రాసి సెకను నిద్రపొమ్మనండి. నిద్ర లేకపోతే లూప్ ఊరికే తిరిగి సీపీయూని తినేస్తుంది.

రెండోది టైమర్. 'హెడర్_రీడ్_టైమౌట్' పెట్టి, బిల్డర్‌కి 'టోకియోటైమర్' ఇవ్వడం మరిచిపోతే కంపైల్ శుభ్రంగా అవుతుంది, కనెక్షన్ రాగానే ఆ టాస్క్ పానిక్ అవుతుంది. రెండూ పెట్టకపోతే మరీ ప్రమాదం: హెడర్లు ఒక్కో బైటు విదిల్చే క్లయింట్ ఎంతసేపైనా కనెక్షన్ పట్టుకుని కూర్చుంటుంది. టైమర్ ఇచ్చి, 10 సెకన్లు అని విడిగా రాసేయండి. డిఫాల్ట్‌ని నమ్ముకోవద్దు.

మూడోది వెబ్‌సాకెట్. 'విత్_అప్‌గ్రేడ్స్' చేర్చకపోతే మామూలు పేజీలన్నీ వస్తాయి, వెబ్‌సాకెట్ మాత్రం అప్‌గ్రేడ్ దగ్గర చతికిలబడుతుంది. 'సర్వర్-ఆటో'తో వచ్చే ఆటో బిల్డర్‌లో దీనికి 'సర్వ్_కనెక్షన్_విత్_అప్‌గ్రేడ్స్' అని వేరే మెథడ్ ఉంది.

ఇవన్నీ రాసే ఓపిక లేకపోతే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, 'ఆక్సమ్::సర్వ్' వాడండి. కనెక్షన్ స్థాయి సెట్టింగులు దాంట్లో పెద్దగా దొరకవు, అవసరం లేనివాళ్లకు అదే మేలు.

బాడీ

పాత బాడీ ఒక్కటే అటూ ఇటూ రెండు పనులూ చేసేది. ఇప్పుడు వచ్చేది 'ఇన్‌కమింగ్', పంపేది మీరు ఎంచుకున్న టైపు: ఉన్నదంతా ఒక్కసారి పంపితే 'ఫుల్', ఖాళీ అయితే 'ఎంప్టీ', ముక్కలుగా అయితే 'స్ట్రీమ్‌బాడీ'. ఒకే ఫంక్షన్‌లో రకరకాలు తిరిగివ్వాలంటే 'బాక్స్‌బాడీ'లో పెట్టండి.

'టు_బైట్స్' స్థానంలో 'కలెక్ట్' చేసి, దానిమీద 'టు_బైట్స్' పిలవాలి. పాతదానికీ దీనికీ పరిమితి లేదు, ఎంత పంపితే అంత మెమరీలోకి ఎక్కిస్తుంది. ముందుగా 'లిమిటెడ్'తో చుట్టండి, జేసన్ ఫారాలకు 64 కేబీ సాధారణంగా సరిపోతుంది.

'ఇన్‌కమింగ్'ని మనం సృష్టించలేం కాబట్టి యూనిట్ టెస్టులు ఇక్కడ విరుగుతాయి. హ్యాండ్లర్‌ని 'బాడీ' ట్రెయిట్ మీద జెనరిక్‌గా రాస్తే టెస్టులో 'ఫుల్' ఇచ్చుకోవచ్చు.

సర్వీస్ ట్రెయిట్‌లో 'పోల్_రెడీ' లేదు, 'కాల్'కి మార్చదగిన రిఫరెన్స్ కూడా రాదు. లోపల కౌంటర్ లాంటిది మారుస్తుంటే అటామిక్ గానీ మ్యూటెక్స్ గానీ పెట్టాలి. టవర్ (ఆక్సమ్ వాడే సర్వీస్ లైబ్రరీ) సర్వీసులైతే 'టవర్‌టుహైపర్‌సర్వీస్'తో చుడితే చాలు. క్లయింట్ ఇప్పుడు హైపర్-యుటిల్‌లో 'లెగసీ' అనే పేరుకింద ఉంది. పేరు చూసి జంకక్కర్లేదు, పాత కనెక్షన్ పూల్ ఉన్న క్లయింటే అది.

ఆపడం, పరీక్షించడం

ప్రతి కనెక్షన్‌నీ 'గ్రేస్‌ఫుల్‌షట్‌డౌన్'లోని 'వాచ్'కి ఇచ్చి, ఆగమన్న సిగ్నల్ రాగానే లూప్ వదిలి 'షట్‌డౌన్' కోసం వేచి ఉండండి. 'కంట్రోల్_సీ' పట్టుకునేది సిగ్ఇంట్ (టెర్మినల్లో కంట్రోల్-సీ నొక్కితే వచ్చే సిగ్నల్) ఒక్కటే. డాకర్, కుబర్నెటీస్, సిస్టమ్‌డీ మామూలుగా పంపేది సిగ్‌టర్మ్, దాన్ని విడిగా వినాలి. డాకర్ డిఫాల్ట్‌గా 10 సెకన్లు, కుబర్నెటీస్ 30 సెకన్లు ఆగి బలవంతంగా చంపేస్తాయి కాబట్టి మీ గడువు అంతకంటే తక్కువ ఉండాలి.

చివరగా టెర్మినల్లో 'ఎన్‌సీ' (నెట్‌క్యాట్) కమాండ్‌తో సర్వర్ పోర్ట్‌కి కనెక్ట్ అయి, గెట్ రిక్వెస్ట్ మొదటి లైను మాత్రం కొట్టి చేతులు కట్టుకు కూర్చోండి. పది సెకన్లకు కనెక్షన్ తెగాలి. తెగకపోతే టైమర్ దగ్గరికి వెనక్కి వెళ్లండి.