గుడ్ల గుంత వేడెక్కితే

కళింగపట్నం తీరంలో తాబేళ్ల హేచరీ, అంటే గుడ్లని ఇసుక గుంతల్లో పూడ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోటు, చూసుకోవడం నా ఉద్యోగం. కుక్కల్ని తోలడమే పని అనుకుంటారు గానీ, అసలు తిప్పలు ఇసుకతోనే. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. జనవరి గుంతలకి బెంగ లేదు, మార్చివే తంటా.

ఓ మధ్యాహ్నం అడుగున్నర లోతున థర్మామీటరు 34 డిగ్రీలు చూపించింది. వేడి పెరిగేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, ఇంకా పెరిగితే పిండాలే చచ్చిపోతాయి. గుంత మార్చేద్దామన్నారు. ససేమిరా అన్నాను. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, గుడ్డు తిరగబడితే అంతే సంగతి.

కొబ్బరి కమ్మలతో పందిరి వేశాం, గాలాడేలా సందులుంచి. "సముద్రం నీళ్లే జల్లేద్దుమేటి బావూ, పక్కనే ఉన్నాది గదా" అన్నాడు మా పెద్దాయన. ఉప్పు గుడ్డులో తేమని లాగేస్తుంది మరి! ఎండ దిగాక బోరు నీళ్లే పైపైన చల్లాం. ఇసుక పిడికిట్లో ముద్ద కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి. అంతకు మించి తడిస్తే లోపలికి గాలి అందదు.

కొన్నాళ్లకి 31కి దిగింది. పడమటి వైపు కమ్మలు మాత్రం నేలదాకా దించండి, సాయంత్రపు ఎండ అటునుంచే దూరుతుంది.