డాక్టర్ ఆడమనిషి అయిందని అలిగిన మేనల్లుడితో ఎలా మాట్లాడాలి

‘డాక్టర్ హూ’ అని, కాలంలో ప్రయాణిస్తూ లోకాల్ని కాపాడే డాక్టర్ అనే గ్రహాంతరవాసి కథ, బీబీసీ సీరియల్. మా మేనల్లుడు దాని పాత ఎపిసోడ్లన్నీ ఫోన్లో వరసపెట్టి చూశాడు. అప్పటిదాకా మగవాళ్లే వేసిన డాక్టర్ పాత్రకి 2017లో నటి జోడీ విటకర్ పేరు ప్రకటించారని తెలిసిన దగ్గర్నుంచి మాత్రం ఒకటే పాట: "సీరియల్ని పాడు చేసేసినారు మావయ్యా." మీ ఇంట్లోనూ అలాంటి గుంటడు ఉంటే ఇది మీకోసమే.

అందరి ముందు ఈ మాట ఎత్తకండి. మేం విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద నడుస్తూ మాట్లాడుకుంటాం. పక్కపక్కన నడిచేటప్పుడు పంతం తక్కువ.

ముందు అడగాల్సింది ఇదే: ఏ ఎపిసోడ్, ఏ సీన్? "కథలో బిగువు లేదు, పాత్రలు ఎక్కువైపోయి ఎవరికీ చోటు దక్కలేదు" అంటే అది నికార్సైన విమర్శ, ఒప్పుకోండి. ఆ సీజన్లలో కొన్ని కథలు నాకూ నచ్చలేదు. ఎపిసోడ్ పేరే చెప్పలేక "ఆడాళ్లు, నల్లోళ్లు వచ్చేసినారు" అంటే మాత్రం, ఆ కోపం సీరియల్ చూసి వచ్చింది కాదు, దాన్ని తిట్టే వీడియోలు చూసి వచ్చింది.

"పాతది ఇలా ఉండేది కాదు" అన్నప్పుడు చరిత్ర చెప్పండి. 1963 నవంబర్ 23న సీరియల్ మొదలైనప్పుడు నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే 27 ఏళ్ల అమ్మాయి. మొదటి కథకి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. 1966లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోక తప్పుకుంటే, డాక్టర్ ఒళ్లు మార్చుకుని కొత్త మనిషవుతాడన్న ఉపాయం కనిపెట్టి, ఆ పాత్రని ఇంకో నటుడికిచ్చారు. సీరియల్ ఇన్నేళ్లు బతికింది దానివల్లే. డాక్టర్ని ఆడమనిషిని చెయ్యమని 1986లోనే బీబీసీకి సూచించింది సిడ్నీ న్యూమన్, అంటే ఈ సీరియల్‌ని పుట్టించినవాళ్లలో ఒకడు! మా వాడు ఈ మాట రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత మన యాస సంగతి ఎత్తండి. తొందరపడకండి, అసలు విషయం ఇక్కడే ఉంది. తెలుగు తెర మీద శ్రీకాకుళం యాస ఎక్కువగా ఎవరి నోట విన్నాం? పనివాడి నోట, అమాయకుడి నోట, నవ్వించడానికి వచ్చినవాడి నోట. హాస్టల్లో "ఏటి" అన్నందుకు తోటివాళ్లు నవ్వారని మా వాడే చెప్పి బాధపడ్డాడు. మన యాస మాట్లాడే మనిషి జోకు కోసం కాకుండా లోకాన్ని కాపాడడానికి వస్తే నీకెలా ఉంటుంది అని అడగండి. అప్పుడు ఎవడో "ఈ యాస హీరోకి నప్పదు, కావాలని పెట్టారు" అంటే? రువాండాలో పుట్టి స్కాట్లాండ్‌లో పెరిగిన నల్లజాతి నటుడు షూటీ గాట్వా డాక్టర్ అయినప్పుడు విన్నది అలాంటి మాటలే. జవాబు కోసం వెంటపడకండి. మా వాడు ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు.

ఆదివారం కలిసి కూర్చుని 2018లో వచ్చిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’ చూడండి. వినయ్ పటేల్ రాశాడు. 1947, దేశ విభజన రోజులు, హిందువు ప్రేమ్‌కీ ముస్లిం ఉంబ్రీన్‌కీ పెళ్లి. చివర ఏమవుతుందో ముందే చెప్పకండి. డాక్టర్ జట్టులో పాకిస్తానీ మూలాలున్న యాజ్ ఉండబట్టే ఆ కథ పుట్టింది, ఆ ఉంబ్రీన్ ఆమె అమ్మమ్మే.

చూశాక కూడా నచ్చలేదంటే వదిలేయండి, అది వాడిష్టం. నటుల రంగునీ, ఒంటినీ తిడితే మాత్రం ఊరుకోవద్దు, ఆ మాట మనింట్లో వద్దని అక్కడికక్కడే చెప్పండి. పై ఆదివారం ఏ ఎపిసోడ్ చూడాలో వాణ్నే ఎంచుకోనివ్వండి. పాత డాక్టర్‌నే పెడతాడు. ఫోన్ పక్కన పెట్టి మీరూ పూర్తిగా చూడండి.