మైనింగ్ రిగ్గు ఉన్నట్టుండి ఆరిపోతుంటే

రిగ్గు, అంటే గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టోకరెన్సీ తవ్వే కంప్యూటర్, ఆరిపోగానే స్క్రూడ్రైవర్ అందుకోవద్దు. ఎలా ఆరిపోయిందో ముందు చూడండి. ఈ బుద్ధి నాకు ఆలస్యంగా వచ్చింది. ఆలోపు బాగున్న ర్యామ్‌ను మార్చాను, విండోస్‌ను రెండుసార్లు కొత్తగా ఎక్కించాను, ఏ పాపం ఎరగని పవర్ సప్లైని విప్పి అటక మీద పడేశాను.

అందరూ ‘ఆగిపోయింది’ అనే ఒక్క మాటే వాడతారు గానీ, అందులో వేరువేరు జబ్బులుంటాయి. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయి, పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా, పవర్ సప్లై వెనకున్న స్విచ్ ఆపి కాసేపాగి వేస్తేనే లేచిందనుకోండి. అది పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడం. ఎక్కడో షార్ట్ అయింది, లేదా లాగకూడనంత కరెంటు లాగారు. ఆరిపోయి, క్షణాల్లో దానంతట అదే లేస్తే గోడ దగ్గర కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చి ఉండవచ్చు, లేదా మీరే ఎప్పుడో తగిలించి మరిచిపోయిన వాచ్‌డాగ్ (రిగ్గు బిగుసుకుంటే మళ్లీ లేపేది) రీసెట్ కొట్టి ఉండవచ్చు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి తెర బిగుసుకుపోతే అది ఆరిపోవడం కాదు. కార్డుల మెమరీ ఓవర్‌క్లాక్ (పెంచి పెట్టిన వేగం) తగ్గించి చూడండి, సగం సందర్భాల్లో అక్కడే తేలిపోతుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ కనబడగానే పవర్ సప్లై పోయిందని తీర్పు చెప్పేవాళ్లున్నారు. కిందటిసారి కంప్యూటర్ పద్ధతిగా మూతపడలేదన్నదే ఆ సందేశానికి అర్థం. అది మనకు ముందే తెలుసు. లినక్స్‌లోనైతే కిందటి బూట్ లాగ్ చివరి వరుసలు చూడండి. మామూలు వరుసల మధ్యలో లాగ్ తెగిపోతే అది కరెంటు సంగతి అయి ఉండవచ్చు. ఎన్విడియా కార్డులున్న రిగ్గులో ‘ఎక్స్ఐడీ 79’ అని ఉంటే ఒక కార్డుకు కంప్యూటర్‌తో లంకె (బస్) తెగిపోయింది. ఆ కార్డు రైజర్‌నూ (కార్డును బోర్డుకు దూరంగా ఉంచి కలిపే ముక్క), రైజర్‌కు వెళ్లే పవర్ వైరునూ పట్టుకోండి. కొన్ని మైనింగ్ ఓఎస్‌లు పెన్‌డ్రైవ్ అరిగిపోకుండా లాగ్‌ను ర్యామ్‌లోనే ఉంచుతాయి, కరెంటు పోతే అదీ పోతుంది. డిస్క్ మీద రాసే సెట్టింగును ముందే ఆన్ చేయండి.

ఇక నా కథ. ఆరు కార్డులు, 1200 వాట్ల పవర్ సప్లై. ఇథీరియం తవ్వినన్నాళ్లూ కార్డుకు 120 వాట్ల చొప్పున 720, బోర్డుకూ ఫ్యాన్లకూ కలిపి మరో 80. నిశ్చింతగా నడిచింది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌కు స్వస్తి చెప్పాక రేవెన్‌కాయిన్ అనే మరో నాణేనికి మారాను. దాని కాపౌ అల్గారిథమ్ ఇథీరియం వాడిన ఈథాష్‌లాగా మెమరీ మీదే బతకదు, చిప్పును కూడా పిండుతుంది. కార్డుకు 170 వాట్లయింది. మొత్తం 1100. పైకి 1200 లోపే ఉంది గానీ, కార్డుల వాడకం ఒకే గీత మీద నిలబడదు, మిల్లీసెకన్ల పాటు సగటును దాటి ఎగురుతుంది. రాత్రింబగళ్లు నడిచే రిగ్గును పవర్ సప్లై సామర్థ్యంలో 80 శాతం దగ్గర ఆపడం మేలు. అంటే నాకు 960.

కార్డుల పవర్ లిమిట్‌ను 130 వాట్లకు దించాను. నలభై నిమిషాలు నడిచి ఆరిపోయింది. మళ్లీ వేస్తే ఐదు సెకన్లలోనే ఆరిపోయింది. నలభై నిమిషాలకు ఒకసారి, ఐదు సెకన్లకు ఒకసారి. ఇక్కడే నా బుర్ర తిరిగింది. నిజానికి ఇవి రెండు వేరు జబ్బులు. ఐదు సెకన్ల సంగతి తేలిక. పవర్ లిమిట్ రీబూట్‌తో చెరిగిపోతుంది. మైనర్ (తవ్వే సాఫ్ట్‌వేర్) తనంతట తాను మొదలై, లిమిట్ లేని ఆరు కార్డులనూ ఒకేసారి పరుగెత్తించేది. లిమిట్ పెట్టే స్క్రిప్టు ముందు, మైనర్ తర్వాత నడిచేలా వరుస మార్చాను, ఆ బాధ పోయింది.

నలభై నిమిషాల జబ్బు మాత్రం పవర్ సప్లై మార్చినా పోలేదు. చివరికి కార్డులను రెండు సగాలుగా విడదీశాను. మొదటి మూడింటితో ఒక పూట నడిపాను, పడలేదు. తర్వాతి మూడింటితో నడిపితే పడింది. వాటిలో ఒక్కొక్కటే తీస్తూ పోతే ఐదో కార్డు దగ్గర ఆగాను. కార్డును ఆడిపోసుకుంటూ రైజర్ వైరు లాగబోతే అది రాలేదు. రైజర్‌కు కరెంటిచ్చే శాటా కనెక్టరు (మామూలుగా హార్డ్‌డిస్కులకు వాడేది) ప్లాస్టిక్ మెత్తబడి, పిన్నులను పట్టుకుని గట్టిపడిపోయింది. తిప్పి తిప్పి లాగితే ఊడింది. నల్లటి అంచు మీద చిన్న బుడగలు, పసుపు వైరు మొదట్లో ఒక అంగుళం మేర గోధుమరంగు. వంచితే తొడుగు పెళుసుగా విరిగింది. వేడెక్కినప్పుడల్లా లోపల షార్ట్ అయ్యేది, పవర్ సప్లై తన పని తాను చేసేది.

లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. శాటా పవర్ కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 54 వాట్లు. పీసీఐఈ స్లాట్ (కార్డును బిగించే గాడి) నుంచి కార్డు 75 వాట్ల దాకా అడగవచ్చు. అంటే రైజర్‌తో పాటు డబ్బాలో ఇచ్చే ఆ శాటా ముక్కను వాడకూడదు. ఎందుకు ఇస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. పవర్ సప్లై నుంచి వచ్చే 6 పిన్నుల పీసీఐఈ వైరును నేరుగా రైజర్‌కు పెట్టండి. ఒక్క వైరు మీద రెండు రైజర్లకు మించవద్దు. మాడ్యులర్ (విప్పి తగిలించే) వైర్లను ఒక పవర్ సప్లైవి తీసి మరోదానికి తగిలించవద్దు, ప్లగ్గు సరిపోయినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు, కార్డు కాలిపోతుంది.

రెండు పవర్ సప్లైలు వాడేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఒక కార్డుకూ దాని రైజర్‌కూ ఒకే పవర్ సప్లై నుంచి కరెంటు రావాలి.

వాడకాన్ని సాఫ్ట్‌వేర్ మాట మీద నమ్మకండి. పాత ఏఎండీ కార్డులు చాలావరకు చిప్పు వాడకాన్నే చూపిస్తాయి, బోర్డు మొత్తానిది కాదు. గోడ దగ్గర వాట్ మీటరు పెట్టండి. మీటరులో 1100 కనబడితే, పవర్ సప్లై 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నప్పుడు లోపలికి చేరేది 990. పొడిగింపు బోర్డులు వాడుతుంటే వాటి ప్లగ్గు వేడెక్కుతోందేమో కూడా ముట్టుకుని చూడండి.

వేడి వల్ల రిగ్గు మొత్తం ఆరిపోవడం జనం అనుకున్నంత తరచుగా జరగదు. కార్డు ముందు వేగం తగ్గించుకుంటుంది. అయితే జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డుల్లో చిప్పు 60 డిగ్రీలే ఉన్నా మెమరీ 110 తాకవచ్చు, ఆ అంకె విడిగా చూడాలి. ప్రాసెసర్ ఫ్యాను దుమ్ముతో ఆగిపోయి, బోర్డే ఆపేసుకున్న రిగ్గును ఒకటి చూశాను. కార్డుల మీదే ధ్యాస ఉంటే ఆ చిన్న ఫ్యానును ఎవరు చూస్తారు?

వెతుకులాట సాగినన్నాళ్లూ, కరెంటు రాగానే దానంతట అదే లేచే బయోస్ సెట్టింగును ఆపి ఉంచండి. ఎవరూ లేని గదిలో కాలిన కనెక్టరుకు మళ్లీ కరెంటు అందకూడదు. మరమ్మతు అయ్యాక నేను రెండు గంటలు పూర్తి లోడుతో నడిపి, గోడ స్విచ్ ఆపి, వెంటనే ప్రతి కనెక్టరునూ వేళ్లతో పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉన్నవాటిని వదిలేశాను. ఒకటి మాత్రం చేతిలో పట్టుకోలేనంత వేడిగా ఉంది, రెండో రైజర్‌ది. అదీ శాటాయే.