ఇంట్లో ఏసీ బిగింపు – స్వయంబోధిని: మూడవ పాఠం – రాగి గొట్టం, ఫ్లేరు, వాక్యూమ్

ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి సమాధానం. పై అంతస్తైన నాలుగో అంతస్తులో, పడమటి గోడకు ఆనుకొని 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న పడక గదికి ఔట్‌డోర్ యూనిట్‌ను ఎక్కడ పెట్టాలని అడిగాను. వంటింటి వెనుక ఉన్న ఇరుకు డక్టు పనికిరాదు. అక్కడ యూనిట్ వదిలిన వేడి గాలి పైకి పోయే దారి లేక తిరిగి అదే యూనిట్‌లోకి వస్తుంది. పడమటి గోడకు బయట స్టాండు వేస్తే సాయంత్రపు ఎండ ఒక ఇబ్బంది, రేపు మరమ్మతుకు వచ్చిన మనిషి నాలుగో అంతస్తు అంచున వేలాడవలసి రావడం అంతకంటే పెద్ద ఇబ్బంది. డాబా మీద, గాలికి అడ్డం రాకుండా ఎత్తుగా వేసిన నీడ కింద పెట్టడమే సరైన సమాధానం. గొట్టం పొడవు, ఎత్తు తేడా రెండూ మీ మోడల్ పుస్తకంలో రాసిన హద్దు లోపలే ఉన్నాయని మాత్రం ముందే చూసుకోవాలి.

ఇక ఈ వారం పాఠానికి వద్దాం. ఈ ధారావాహిక మొత్తంలో ఒక్క పాఠమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలని నా కోరిక. ఎందుకంటే గదిలో యూనిట్ కొద్దిగా వంకరగా ఉంటే కంటికి కనిపిస్తుంది, నీళ్లు కారితే నేల మీద కనిపిస్తాయి. గొట్టం లోపల మిగిలిపోయిన గాలి, తేమ మాత్రం ఎవరికీ కనిపించవు. రెండు మూడేళ్ల తరువాత కంప్రెసర్ పాడైన రోజున కూడా కారణం ఇదేనని ఎవరూ చెప్పరు.

మొదట గొట్టం సంగతి. ఒకటిన్నర టన్నుల ఏసీకి సాధారణంగా పావు అంగుళం సన్న గొట్టం, అర అంగుళం లావు గొట్టం వాడతారు. చాలా కంపెనీలు పెట్టెతో పాటు ఇచ్చేది మూడు మీటర్లు. అంతకు మించినది మీటరు లెక్కన అదనంగా కొనాలి. మిగిలిన గొట్టాన్ని కోసి పారేయడం నష్టమనుకొని గోడ వెనుక చుట్ట చుట్టి పెట్టేవారూ ఉన్నారు, యూనిట్లు రెండూ గోడకు అటూ ఇటూ ఉన్నాయని ఒక మీటరు ముక్కతో ముగించేవారూ ఉన్నారు. రెండవ పని మరీ చెడ్డది, ఎందుకంటే తయారీదారులు కనీస పొడవు కూడా చెబుతారు. అది చాలా మోడళ్లలో మూడు మీటర్లే. గొట్టం మరీ పొట్టిదైతే కంప్రెసర్ అదురు నేరుగా గది గోడకు చేరుతుంది. అలాగే పుస్తకంలో చెప్పిన పొడవు దాటితే మీటరుకు ఇన్ని గ్రాముల చొప్పున గ్యాస్ కలపాలని అందులోనే పట్టిక ఉంటుంది. మెకానిక్ అంచనా మీద కాక ఆ పట్టిక ప్రకారం, తూకం యంత్రం మీద తూచి కలపాలి.

గోడకు కోర్ కటింగ్ (గొట్టం పోయేందుకు యంత్రంతో వేసే గుండ్రని రంధ్రం) చేసేటప్పుడు గొట్టం కొనలకు మూతలు తప్పక ఉండాలి. సిమెంటు దుమ్ము ఒక చిటికెడు లోపలికి పోయినా అది చివరకు చేరేది సన్నని ఎక్స్‌పాన్షన్ వాల్వు (ద్రవం పీడనాన్ని తగ్గించి చల్లబరిచే ఇరుకు దారి) దగ్గరికే. కొత్తగా కట్టిన ఎత్తైన భవనాల్లో, ముఖ్యంగా మన హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కోకాపేట వైపు, చాలా గోడలు ఇటుకవి కావు, భవనం బరువును మోసే కాంక్రీటు గోడలు. వాటికి కొత్తగా రంధ్రం వేయించకూడదు. బిల్డర్ ముందే వదిలిన రంధ్రం ఎక్కడుందో సొసైటీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

గొట్టాల మీద తొడిగే నల్లని నురుగు తొడుగు రెండింటికీ విడివిడిగా ఉండాలి. సన్న గొట్టంలో వేడి ద్రవం పోతుంది కదా, దానికి తొడుగెందుకు అని కొందరు వాదిస్తారు. మన ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీలలో ఎక్స్‌పాన్షన్ వాల్వు ఔట్‌డోర్ యూనిట్‌లోనే ఉంటుంది కాబట్టి సన్న గొట్టం కూడా చల్లగానే ఉంటుంది. తొడుగు లేకపోతే వానాకాలంలో దాని మీద పట్టిన నీరు గోడలోకి దిగుతుంది.

ఇప్పుడు ఫ్లేరు. గొట్టం కొనను గరాటు మూతిలా విప్పార్చి, ఇత్తడి నట్టుతో యూనిట్‌కు బిగించడాన్ని ఫ్లేరింగ్ అంటారు. గ్యాస్ కారే చోట్లలో ఎక్కువ భాగం ఇవే: గది యూనిట్ దగ్గర రెండు, బయటి యూనిట్ దగ్గర రెండు, మొత్తం నాలుగు అతుకులు. గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కాక, చుట్టూ తిప్పే పైపు కట్టరుతో కోయాలి. కోసిన అంచు లోపల మిగిలిన గరుకును, రజను లోపలికి రాలకుండా గొట్టం నోటిని కిందికి వంచి, గీకి తీసేయాలి. ఫ్లేరు చేసే ముందే నట్టును గొట్టానికి తొడగాలి; ఇది పిల్లలకు చెప్పినట్టు ఉంటుందని తెలుసు, కానీ హడావుడిలో మరచి మళ్లీ కోసినవారిని చూశాను. తయారైన ఫ్లేరు అంచు అంతటా ఒకే వెడల్పుతో, చీలిక లేకుండా, అద్దంలా నున్నగా ఉండాలి. నట్టును ముందు చేత్తో చివరి దాకా తిప్పి, ఆ తరువాతే రెండు పానాలు పట్టి బిగించాలి. పావు అంగుళం నట్టుకు సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం నట్టుకు సుమారు 50 నుంచి 60 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. ఆ కొలత చూపే టార్క్ పానా అందరి దగ్గరా ఉండదు. లేనప్పుడు వదులు కంటే అతి బిగువే ఎక్కువ ప్రమాదమని గుర్తుంచుకోండి. బలం కొద్దీ తిప్పితే రాగి పలచబడి, ఆ రోజు పట్టినట్టే ఉండి, ఒక ఎండాకాలం గడిచాక చీలుతుంది. వనస్థలిపురంలో మేమున్న ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. రెండవ వేసవిలో చల్లదనం తగ్గింది, గ్యాస్ పట్టించాము, నెలన్నరకు మళ్లీ తగ్గింది, మళ్లీ పట్టించాము. మూడవసారి వచ్చిన ముసలి మెకానిక్ గ్యాస్ డబ్బా కింద పెట్టి, ముందు సబ్బు నురగ అడిగాడు. నట్టు విప్పి, వెంట్రుకంత చీలిక ఉన్న ఆ ఫ్లేరును నా అరచేతిలో పెట్టాడు. ఈ పాఠాలు రాయాలన్న ఆలోచన ఆ రోజే పుట్టింది.

ఇక వాక్యూమ్, అంటే గొట్టాల లోపలి గాలిని, తేమను పంపుతో తోడేయడం. గొట్టాలు బిగించిన తరువాత వాటి లోపలా, గది యూనిట్ కాయిల్ లోపలా మామూలు గాలి ఉంటుంది. కంపెనీ నింపి పంపిన గ్యాస్ ఔట్‌డోర్ యూనిట్‌లో, వాల్వుల వెనుక బంధించి ఉంటుంది. వాల్వులు తెరిచే ముందు ఆ గాలిని పూర్తిగా తోడేయాలి. గాలి ఏసీలో చల్లబడి ద్రవంగా మారదు. అది కండెన్సర్‌లో (గ్యాస్ వేడిని వదిలి ద్రవంగా మారే బయటి యూనిట్ కాయిల్‌లో) చోటు ఆక్రమించి పీడనం పెంచుతుంది, దానివల్ల కంప్రెసర్ అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. గాలితో వచ్చిన తేమ అంతకంటే హానికరం. ఇప్పటి ఆర్-32 (ఏసీలో నింపే ఒక రకం గ్యాస్) యంత్రాల కంప్రెసర్లలో సాధారణంగా వాడే నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది, నీటితో కలిసి క్రమంగా ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం మోటారు తీగల మీది పూతను తినేస్తుంది.

చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, మెకానిక్ సన్న గొట్టం వాల్వును కొద్దిగా తెరిచి, లావు గొట్టం వైపు పిన్నును నొక్కి, లోపలి గాలిని గ్యాస్‌తోనే బుస్సుమని బయటకు తోస్తాడు. పది సెకన్లలో పని అయిపోతుంది. దీనివల్ల గాలి కొంత పోతుంది, కానీ గొట్టం గోడలకు అంటుకున్న తేమ పోదు. తూచి నింపిన గ్యాస్ కూడా కొంత వృథా అవుతుంది. పైగా ఆర్-32 కొద్దిపాటి మండే స్వభావం ఉన్న వాయువు. దాన్ని ఇరుకు చోట ఇలా వదలడం క్షేమం కాదు. అందుచేత ఈ పద్ధతికి మీరు ఒప్పుకోకూడదు.

వాక్యూమ్ పంపు తేమను ఎలా తీస్తుందో కుక్కరును తలచుకుంటే తెలుస్తుంది. కుక్కరులో పీడనం పెరిగి నీరు 100 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. పంపు లాగినప్పుడు పీడనం తగ్గి, నీరు గది వేడిలోనే మరిగి ఆవిరై బయటకు పోతుంది. ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక విషయం ఉంది. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం సుమారు 29.9 అంగుళాల పాదరసానికి సమానం కాబట్టి, లోపలి పీడనం బయటి గాలి కంటే ఎంత తగ్గిందో చూపే సూది గేజు మీద అంకెలు 30 దాకా ఉంటాయి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం సుమారు 28 అంగుళాలే. అందువల్ల ఎంత మంచి పంపు పెట్టినా సూది 28 దగ్గరే ఆగుతుంది, 30 చేరలేదని మెకానిక్‌తో గొడవ పడనవసరం లేదు. అయితే సూది అక్కడికి కొద్ది నిమిషాల్లోనే చేరిపోతుంది. దాదాపు 27 దగ్గర, 30 డిగ్రీల వేడిలో, నీరు అప్పుడప్పుడే మరగడం మొదలవుతుంది. అది పూర్తిగా ఆవిరై పోవడానికి ఇంకా సమయం కావాలి, ఆ మిగతా ప్రయాణాన్ని చూపించే శక్తి సూది గేజుకు లేదు. సూది ఆగింది కదా, పని అయిపోయింది కదా అని పంపు తీసేయడం ఇందుకే తప్పు. మైక్రాన్ గేజు (లోపల మిగిలిన అతి తక్కువ పీడనాన్ని మైక్రాన్లలో చూపే పరికరం) ఉంటే అంకె 500 కంటే కిందికి దిగేదాకా ఆగాలి. లేకపోతే గడియారం చూసి, 20 నుంచి 30 నిమిషాలు పంపును నడవనివ్వాలి. వానాకాలంలో 30 నిమిషాలకు తక్కువ కాకుండా నడపాలి.

వరుస ఇది. ఔట్‌డోర్ యూనిట్ వాల్వులు రెండూ మూసి ఉండగానే, గేజు నుంచి వచ్చే నీలం గొట్టాన్ని లావు వాల్వు పక్కనున్న సర్వీస్ మూతికి, పసుపు గొట్టాన్ని పంపుకు తగిలిస్తారు. పంపు నడవడం మొదలయ్యాక నీలం వైపు నాబు తెరుస్తారు. సమయం పూర్తయ్యాక ముందు నాబు మూసి, తరువాతే పంపు ఆపాలి. ఈ క్రమం తప్పితే బయటి గాలి వెనక్కు వస్తుంది. ఆ తరువాత పది, పదిహేను నిమిషాలు ఏమీ ముట్టకుండా సూదిని చూడాలి. కదలకపోతే అతుకులు పట్టాయన్నమాట. ఆగకుండా సున్నా వైపు జరుగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. మైక్రాన్ గేజులో అంకె కొంత పెరిగి ఒక చోట నిలిచిపోతే లోపల తేమ మిగిలింది, పంపు మళ్లీ నడపాలి. సూది నిలిచాక సన్న వాల్వును అలెన్ కీతో కొద్దిగా తెరిచి, గొట్టాల్లోకి గ్యాస్ వచ్చి సూది సున్నా దాటగానే మూసి, నీలం గొట్టం విప్పి, అప్పుడు రెండు వాల్వులనూ చివరి దాకా తెరుస్తారు. నాలుగు అతుకులకూ సబ్బు నురగ రాసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇత్తడి మూతలు తప్పక తిరిగి బిగించాలి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు, గ్యాస్‌ను ఆపే రెండో తలుపు అవే.

ఇది మీరు స్వయంగా చేయవలసిన పని కాదు, దగ్గరుండి చేయించవలసిన పని. అందుకు మాట ముందే అనుకోవాలి. ఏసీ కొన్న రోజునే, "బిగించేటప్పుడు వాక్యూమ్ పంపు తెస్తారా, దానికి అదనంగా తీసుకుంటారా?" అని అడిగి, జవాబును బిల్లు మీదో మెసేజ్‌లోనో రాయించుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో మనిషి మీద ఎన్నో ఇళ్ల పని పడుతుంది. అరగంట ఆగమంటే అతనికి అది నిజంగానే కష్టం. అందుకే ఫిబ్రవరిలో బిగించుకోవడం మేలని మొదటి పాఠంలో చెప్పాను. బయటి యూనిట్ దగ్గర ప్లగ్ లేదన్న కారణంతోనే చాలాసార్లు పంపు సంచిలోంచి బయటకు రాదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు సిద్ధంగా ఉంచండి. పంపు నడుస్తున్నంతసేపు మనిషికి మజ్జిగో టీయో ఇచ్చి కూర్చోబెట్టండి. "అన్నా, సూది ఎంత దగ్గర ఆగింది?" అని మీరు ఒక్కమాట అడిగితే చాలు, ఈ ఇంట్లో గేజు చదివేవారు ఉన్నారని అతనికి తెలుస్తుంది, పని తీరు దానంతట అదే మారుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో ఇప్పటికే ఏసీ ఉంటే, దాన్ని ఆపి, మెయిన్ స్విచ్ కూడా ఆపివేసి, ఔట్‌డోర్ యూనిట్ సురక్షితంగా అందే చోట ఉన్నట్లయితే మాత్రమే దాని పక్కన చూడండి. వాల్వులకు ఇత్తడి మూతలు అన్నీ ఉన్నాయా, నట్ల చుట్టూ నూనె మరక ఏమైనా ఉందా, రెండు గొట్టాలకూ విడివిడి తొడుగులు ఉన్నాయా అన్నవి రాసి పెట్టుకోండి. నూనె మరక కనిపిస్తే అక్కడ గ్యాస్ కారుతోందని అనుమానించాలి, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటకు వస్తుంది. వచ్చే పాఠం డ్రెయిన్ పైపు వాలు గురించి. దానికి ఒక లీటరు నీళ్ల సీసా, ఒక మట్టం బద్ద దగ్గర పెట్టుకోండి.