సెకండాఫ్ తేలిపోయిన హారర్ సినిమా: ఎక్కడ చెడింది, ఎలా బాగుచేయాలి

"ఫస్టాఫ్ వణికించాడు, సెకండాఫ్ తేల్చేశాడు." హారర్ సినిమా చూసి బయటికొచ్చే జనం నోట ఎక్కువగా వినపడే మాట ఇదే. చాలా ఏళ్ళుగా ఎడిటింగ్ రూముల్లో కూర్చుంటున్నాను కాబట్టి చెప్తున్నా, జబ్బు బయటపడేది సెకండాఫ్‌లోనే అయినా అంటుకునేది స్క్రిప్ట్ దగ్గరే. మంచి పాయింటు, మంచి నటులు ఉండి కూడా చేజారిపోయిన సినిమాల్లో నాకు మళ్ళీ మళ్ళీ కనపడిన లక్షణాలు ఇవి. అన్నిట్లోకీ మొండిది మొదటిదే.

సమస్య: ఇంటర్వెల్ తర్వాత భయం పోయింది

ఇంటర్వెల్ బ్యాంగ్‌కి దెయ్యం ఎవరో తెలిసిపోతుంది. సమోసా తిని వచ్చి కూర్చోగానే ఫ్లాష్‌బ్యాక్ మొదలు. ఊరు, దొర, ఒక అమాయకురాలు, ఆమెకి జరిగిన అన్యాయం, మధ్యలో పాట. అరగంట అయ్యేసరికి హాల్లో అక్కడక్కడా ఫోన్లు వెలుగుతుంటాయి.

ఫ్లాష్‌బ్యాక్ పొడవే కారణమనుకుంటారు. అదొక్కటే కాదు. ఎవరి మీద జాలిపడ్డామో వాళ్ళంటే మనకి భయం పోతుంది. పైగా ఇంతసేపూ ప్రేక్షకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది 'ఎవరది?' అన్న ఒక్క ప్రశ్నే. దానికి జవాబు దొరికాక అతనికి పనిలేదు, మంత్రగాడు ముగ్గు వేసేదాకా ఎదురుచూడ్డం తప్ప.

పరిష్కారం: పాత కథ దాచకండి, ముందే చెప్పేయండి. మనకి 'చంద్రముఖి'గా తెలిసిన కథకి మూలమైన మలయాళ 'మణిచిత్రతాళ్' (ఫాజిల్, 1993) చేసింది అదే. ఆ నాట్యగత్తె కథ ఇంటివాళ్ళు చెప్పుకునే పాత ముచ్చటలా ముందే వచ్చేస్తుంది. ఇక మిగిలింది వేరే ప్రశ్న: ఇప్పుడు ఈ ఇంట్లో ఇవన్నీ చేస్తున్నది ఎవరు? జవాబు ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళలో లేదు, పక్క గదిలో ఉంది.

షూటింగ్ అయిపోయిందా? అయితే కత్తెరే దిక్కు. నేను పనిచేసిన ఒక చిన్న సినిమాలో 34 నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ఉండేది. దాన్ని 11 నిమిషాలకి కోసి, మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత ఇప్పటి కథలోకి వచ్చి పాప గది తలుపు చూపించాం. మొదటిసారి తలుపు వేసి ఉంటుంది. రెండోసారి జానెడు తెరిచి ఉంటుంది. మూడోసారి బార్లా తెరిచి ఉంటుంది, లోపల మంచం ఖాళీ. కొత్తగా ఒక్క షాటూ తీయలేదు, అన్నీ రష్‌లో (తీసి వాడకుండా వదిలేసిన ఫుటేజీలో) పడి ఉన్నవే. డైరెక్టర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దొర గడీ సెట్‌కి అంత ఖర్చు పెట్టారు మరి. ఫ్లాష్‌బ్యాకులు కోతకి లొంగకపోవడానికి సగం కారణం ఆ సెట్టు బిల్లే.

సమస్య: ఉలిక్కిపడుతున్నారు, భయపడటం లేదు

పిల్లి దూకుతుంది, ఢామ్మని సౌండు. ఫ్రెండ్ వెనకనుంచి వచ్చి హీరోయిన్ భుజం మీద చెయ్యి వేస్తుంది, మళ్ళీ ఢామ్. మూడోసారికి జనం ముందే చెవులు మూసుకుంటారు. నాలుగోసారికి నవ్వుతారు. సీన్‌లో లేని భయాన్ని ఆర్.ఆర్.లో, అంటే నేపథ్య సంగీతంలో, తెచ్చుకుందామనుకుంటే ఇలాగే అవుతుంది.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోకి ఒక బాంబు ఉదాహరణ చెప్పాడు. బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని మనకి ముందే చూపించి, అది తెలియని ఇద్దరి చేత పిచ్చాపాటీ చెప్పిస్తే పదిహేను నిమిషాల టెన్షన్.

సీన్‌ని మ్యూట్‌లో పెట్టి చూడండి. ఏమీ అనిపించకపోతే మిక్సింగ్‌లో ఎంత పెంచినా రాదు, సీన్ తిరగరాయాల్సిందే. ఏదో ఒకటి అనిపిస్తే, ఇక సంగీతం తగ్గించే పని చూడండి. ఒక పడకగది సీన్‌లో మేము బీజీఎం మొత్తం తీసేసి సీలింగ్ ఫ్యాన్ చప్పుడు ఒక్కటే ఉంచాం, తిరిగినప్పుడల్లా కిర్రు, కిర్రు. రెండు నిమిషాలకి అది చెవికి అలవాటైపోతుంది. అప్పుడు ఆపేశాం. తెరమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు. ప్రివ్యూలో నా పక్కనున్నాయన కాళ్ళు రెండూ సీటు మీదకి తీసుకున్నాడు.

సమస్య: దెయ్యం కనపడగానే నవ్వొస్తోంది

ఎక్కువసేపు చూపించారు. 'జాస్' (1975) షూటింగ్‌లో యంత్రంతో చేసిన సొరచేప ఉప్పునీళ్ళలో పదేపదే మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాన్ని వీలైనంత దాచి కథ నడిపించాడు. సినిమా గంట దాటినా చేప పూర్తిగా కనపడదు. మీ సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) బాగా రాకపోతే అదృష్టం అనుకోండి. మూడు సెకన్ల షాట్‌ని పన్నెండు ఫ్రేములకి, అంటే అర సెకనుకి, కోసి, మిగతా సమయం దాన్ని చూస్తున్న మనిషి మొహానికి ఇవ్వండి.

సమస్య: దెయ్యానికి ఒక పద్ధతంటూ లేదు

మొదట గడప దాటలేదు. క్లైమాక్స్‌లో కారు ఎత్తి విసిరేస్తుంది. అంత బలం ఉన్నది ఇంతసేపూ కర్టెన్లెందుకు ఊపిందో! మా అమ్మమ్మ చెప్పిన దెయ్యాల కథల్లో ఈ గోల ఉండేది కాదు. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, పేరు పెట్టి పిలుస్తుంది, మూడోసారి పిలిచేదాకా పలక్కూడదు. అంతే. ఆ మూడో పిలుపు కోసమే మేం దుప్పట్లో బిక్కచచ్చి పడుకునేవాళ్ళం. మీ దెయ్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఒక కాగితం మీద రెండు లైన్లు రాసి గోడకి అంటించండి.

సమస్య: చివరికి అంతా హీరో భ్రమేనట

సైకలాజికల్ థ్రిల్లర్‌కి పట్టే చీడ ఇది. ప్రేక్షకుడికి కోపం ట్విస్ట్ మీద కాదు, తనని మోసం చేశారని. ప్రతి సీన్ పక్కన 'ఇది ఎవరు చూశారు?' అని రాసుకోండి. హీరో లేని చోట, అతను ఊహించుకున్న మనిషి ఇంకొకరితో మాట్లాడి ఉంటే, ఆ సీన్ అబద్ధం. తీసేయాలి.

తర్వాత డాక్టర్ గారొచ్చి జబ్బు పేరు చెప్పి పాఠం మొదలుపెడతాడు. 'సైకో' (1960) లాంటి సినిమాకే ఈ మచ్చ తప్పలేదు. డాక్టర్ ఉపన్యాసం అవగానే కెమెరా దుప్పటి కప్పుకుని కూర్చున్న హంతకుడు నార్మన్ దగ్గరికి వెళ్ళి, తల్లి గొంతు వినపడింది కాబట్టి గట్టెక్కింది. మీ దగ్గర అలాంటి షాట్ లేకపోతే డాక్టర్‌కి రెండు డైలాగులు చాలు.

సమస్య: ముగింపుకి ధైర్యం చాలలేదు

డచ్ దర్శకుడు జార్జ్ స్లూయిజర్ 1988లో 'స్పూర్‌లోస్' తీశాడు. మాయమైన ప్రియురాలికి ఏమైందో తెలుసుకోవాలంటే ఆమెకి జరిగిందే తనకీ జరగాలంటాడు హంతకుడు. హీరో ఆ మందు కలిపిన కాఫీ తాగుతాడు, కళ్ళు తెరిచేసరికి భూమిలో పాతిపెట్టిన పెట్టెలో ఉంటాడు. అంతే సినిమా. 1993లో అదే దర్శకుడు హాలీవుడ్‌లో 'ది వానిషింగ్' పేరుతో మళ్ళీ తీసి, హీరోని బయటికి లాగి, విలన్ని చంపించాడు. దాంతో ఆ కాఫీకి అర్థమే లేకుండా పోయింది.

నిర్మాత "పాప బతకాలండీ" అంటే బతికించండి, తప్పులేదు. కానీ బతికినందుకు ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. అది స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి. రీషూట్‌లో అతికిస్తే అతుకు కనపడుతుంది.

చిల్లర రిపేర్లు

చీకటి సీన్లలో ఏమీ కనపడట్లేదు: డీఐ గదిలో (రంగులు, వెలుతురు సరిచేసే చోట) కనపడ్డ నలుపు, ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడ్డ థియేటర్లో ముద్దలా ఉంటుంది. ఫైనల్ చేసేముందు ఓ మామూలు టౌన్ థియేటర్లో ఒక రీల్ వేసి చూడండి.

కమెడియన్ల గ్యాంగు: దెయ్యం వాళ్ళని కొట్టడం మొదలుపెడితే, ఆ తర్వాత హీరోయిన్ దాన్ని చూసి ఏడ్చినా ఎవరూ నమ్మరు.

చివరి షాట్‌లో పాప కళ్ళు నల్లగా మారి, పార్ట్ 2 అని పడటం: తీసేయండి.